పురుగు పంచాంగం

పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు కోడిపెట్ట ఒకటి గాజు గుడ్డును పొదిగింది. ఆ గుడ్డులో ఉన్నది కోడిపిల్ల కాదు, సీతాకోకచిలుక. గొంగళిపురుగు మేత మాని, కదలిక మాని, కోశంగా మారిన పిమ్మట రెనే రెయోమ్యూర్ అనే శాస్త్రజ్ఞుడు దానిని గుడ్డు ఆకారం గల గాజుపాత్రలో ఉంచి, పొదుగుతున్న కోడి కిందికి చేర్చాడు. కొద్ది రోజులకే ఆ గాజు గోడల వెనుక సీతాకోకచిలుక రెక్కలు విప్పుకొన్నది. మామూలు వాతావరణంలో ఉన్న దాని తోబుట్టువులు అప్పటికింకా కోశాలలోనే నిద్రిస్తున్నాయి. చల్లని నేలమాళిగలో దాచిన కోశాల నిద్ర అంతకంటె ఎంతో దీర్ఘంగా సాగింది.

చూడబోతే ఇది పండితుని వినోదం. కాని ఇందులో నేటి రైతుకు ఎంతో అవసరమైన సత్యమొకటి ఇమిడి ఉన్నది. ఆ కోశాలన్నిటికీ వెచ్చదనం అందితే జీవితం వేగంగా నడిచింది. చలి తగిలితే మందగించింది. పురుగు వయస్సును గోడమీది క్యాలెండరుతో కొలవడం సాధ్యం కాదు. అది ఎంత వేడిని కూడబెట్టుకొన్నదో, దాని వయస్సు అంత.

వేడిని అరువు తెచ్చుకొనే ప్రాణి

మనిషి శరీరం తన వేడిని తానే పుట్టించుకొంటుంది. మాఘమాసపు చలిలోను, రోహిణి కార్తె ఎండలోను దాని ఉష్ణోగ్రత సుమారు 37 సెంటిగ్రేడు డిగ్రీల వద్దనే నిలుస్తుంది. అందువల్ల తల్లి గర్భంలో శిశువు ఏ ఋతువులో పెరిగినా తొమ్మిది నెలలే పడుతుంది. కీటకానికి ఈ సౌకర్యం లేదు. చుట్టూ ఉన్న గాలి, ఆకు, నేల ఎంత వెచ్చగా ఉంటే దాని శరీరమూ దాదాపు అంత వెచ్చగా ఉంటుంది. దాని కణాలలో జరిగే రసాయనిక చర్యలన్నీ ఆ వెచ్చదనాన్ని బట్టి చురుకు పుంజుకొంటాయి, లేదా చల్లబడతాయి.

ఈ సంగతిని చెవులతో వినవచ్చునని 1897లో అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు ఏమోస్ డోల్‌బేర్ నిరూపించాడు. రాత్రివేళ కీచురాళ్ళ అరుపులను 15 సెకండ్లపాటు లెక్కించి, ఆ సంఖ్యకు 40 కలిపితే, ఆ సమయానికి ఉన్న ఉష్ణోగ్రత ఫారన్‌హీటు డిగ్రీలలో సుమారుగా వస్తుందని ఆయన సూత్రం. అన్ని జాతుల కీచురాళ్ళకూ ఆ సూత్రం వర్తించదు. అయినా, వేడి పెరిగినకొద్దీ కీటకం బ్రతుకు వేగం పెరుగుతుందనడానికి ఇంతకంటె సులభమైన సాక్ష్యం దొరకదు.

వేడిని రోజువారీగా కూడి లెక్కకట్టవచ్చునన్న ఆలోచన కూడ రెయోమ్యూర్‌దే. 1735లో ఆయన వసంత మాసాలలోని ప్రతిదినపు ఉష్ణోగ్రతలను కూడి, అంతకుముందు సంవత్సరపు మొత్తంతో సరిపోల్చి చూశాడు. పంట పక్వానికి రావడానికి ఇంత అని కొంత వేడి కావాలని, ఆ మొత్తం సమకూడడం ఆలస్యమైన ఏడాది కోతలు కూడ ఆలస్యమవుతాయని గ్రహించాడు. పైరుకు వర్తించిన ఆ లెక్కనే తరువాతి తరాల శాస్త్రజ్ఞులు పైరును తినే పురుగుకు కూడ వర్తింపజేశారు.

కత్తెర పురుగు జమాఖర్చు

ఈ లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి మొక్కజొన్న పంటను వేధిస్తున్న కత్తెర పురుగు మంచి ఉదాహరణ. దీని జన్మస్థానం అమెరికా ఖండం. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో భారతదేశాన తొలిసారిగా గుర్తించారు. ఏడాది తిరగకుండానే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా అనేక రాష్ట్రాల మొక్కజొన్న చేలకు అది వ్యాపించింది.

దక్షిణాఫ్రికా పరిశోధకులు ఈ పురుగును వివిధ ఉష్ణోగ్రతల వద్ద పెంచి, 2020లో తమ ఫలితాలు ప్రకటించారు. 18 డిగ్రీల వద్ద గుడ్డు మొదలు రెక్కల పురుగు వరకు ఎదగడానికి సుమారు 71 రోజులు పట్టింది. 32 డిగ్రీల వద్ద అదే ప్రయాణం సుమారు 20 రోజులలో ముగిసింది. ఒకే పురుగు, ఒకే ఆహారం. ఆయుర్దాయపు కొలత మాత్రం మూడున్నర రెట్లు మారిపోయింది.

పైకి గందరగోళంగా కనిపించే ఈ అంకెల వెనుక చక్కని జమాఖర్చు ఉన్నది. సుమారు 12.5 డిగ్రీల దిగువన ఈ పురుగు ఎదుగుదల ఆగిపోతుంది. దీనిని కనిష్ఠ పరిమితి అనవచ్చు. ఒక దినపు సగటు ఉష్ణోగ్రతలో నుండి ఆ 12.5ను తీసివేయగా మిగిలినదే పురుగు ఖాతాలో ఆనాటి జమ. ఈ జమను శాస్త్రజ్ఞులు 'డిగ్రీ-రోజులు' అనే ప్రమాణంతో కొలుస్తారు. ఖాతాలో సుమారు 390 డిగ్రీ-రోజులు చేరేసరికి గుడ్డు కాస్తా రెక్కల పురుగై ఎగిరిపోతుంది.

లెక్కవేసి చూస్తే ఈ సంగతి రుజువవుతుంది. 18 డిగ్రీల రోజున జమ అయ్యేది ఐదున్నర. 390ని దానితో భాగిస్తే 71 రోజులు. 32 డిగ్రీల రోజున జమ పందొమ్మిదిన్నర. భాగిస్తే 20 రోజులు. ప్రయోగశాలలో తేలిన సంఖ్యలూ ఇవే. అప్పు మొత్తం మారలేదు. రోజువారీ కిస్తు మారింది, అంతే.

ఒకే కార్తె, రెండు చేలు

తెలుగు రైతు తరతరాలుగా వ్యవసాయాన్ని కార్తెలతో ముడిపెట్టుకొని వచ్చాడు. సూర్యుని గమనాన్ని అనుసరించి పదమూడు, పదునాలుగు రోజులకొకసారి మారే కార్తెలు విత్తుటకు, నాటుటకు, కోతకు మంచి ఆనవాళ్ళు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఊహలో నుండి పుట్టినది కాదు, అనుభవంలో నుండి పుట్టినది. అయితే కార్తె చెప్పేది ఏటేటా వచ్చే సగటు ఋతువును. ఈ సంవత్సరం, ఈ చేనిలో ఎంత వేడి ఉన్నదో అది చెప్పలేదు. పురుగు చదివేది ఆ రెండవ పంచాంగాన్ని.

డిసెంబరు రెండవ పక్షంలో, మూల కార్తె నడుస్తున్న రోజులలో, రెండు మొక్కజొన్న చేలను ఊహించుకోవచ్చు. ఒకటి ఆదిలాబాదు ప్రాంతంలో ఉన్నది. అక్కడ పగలు 28 డిగ్రీలు, తెల్లవారుజామున 10 డిగ్రీలు ఉన్నాయనుకొందాం. సగటు 19, పురుగు ఖాతాలో రోజుకు జమ ఆరున్నర. రెండవది గుంటూరు, కృష్ణా ప్రాంతపు మాగాణిలో, వరికోత అనంతరం దున్నకుండా విత్తిన చేను. అక్కడ పగలు 29, రాత్రి 19 అనుకొంటే సగటు 24; జమ పదకొండున్నర. ఆ వాతావరణమే కొనసాగితే మొదటి చేనిలో ఒక తరం పూర్తికావడానికి 60 రోజులు, రెండవ చేనిలో 34 రోజులు. రెండు చేలలోను పగటి ఎండలో తేడా ఒక్క డిగ్రీయే. అసలు తేడా అంతా రాత్రిలో ఉన్నది. రైతు నిద్రించే వేళ కూడ పురుగు గడియారం ఆగదు.

చలి రాత్రులు కనిష్ఠ పరిమితికంటె దిగువకు పోయినప్పుడు ఈ సగటు లెక్కకు చిన్న సవరణ అవసరం. పురుగు ఎదుగుదల ఆ వేళ నిలిచిపోతుందే తప్ప వెనుకకు నడవదు కనుక, నిజమైన జమ సగటు చెప్పేదానికంటె కొద్దిగా ఎక్కువే ఉంటుంది. అయినా రెండు చేల నడుమ అంతరం అంతరంగానే మిగులుతుంది.

మొక్కజొన్న చేతికి రావడానికి సుమారు నాలుగు నెలలు. చల్లని చేనిలో ఆ వ్యవధిలో పురుగుకు నిండా రెండు తరాలు గడవడం కష్టం. వెచ్చని చేనిలో మూడు తరాలు గడవవచ్చు. ఈ ఒక్క తరపు తేడా ఎంతటిదో గ్రహించడానికి పెద్ద గణితం అక్కరలేదు. ఒక తల్లిపురుగు తన జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. శత్రువులు, రోగాలు, వానలు పోగా అందులో కేవలం పది మాత్రమే బ్రతికి, సగం ఆడవి అయినాయని అనుకొంటే, మొదటి తరం చివర ఐదుగురు తల్లులు, రెండవ తరం చివర ఇరవై ఐదుగురు, మూడవ తరం చివర నూట ఇరవై ఐదుగురు తేలుతారు. వెచ్చని శీతకాలం పురుగుకు ఇచ్చే వరం ఇది.

పురుగు పుట్టినింటికి, మన గడ్డకు గల భేదం కూడ ఇక్కడనే తెలుస్తుంది. ఉత్తర అమెరికాలోని అధిక భాగంలో మంచు కురిసే చలికాలాన్ని కత్తెర పురుగు తట్టుకొనలేదు. దక్షిణాన ఫ్లోరిడా, టెక్సాసు వెచ్చని ప్రాంతాలలో తలదాచుకొని, ఏటా వేసవిలో ఉత్తరానికి మళ్ళీ వలసపోవలసిందే. గోదావరి, కృష్ణా తీరాలలో దానిని తుడిచిపెట్టే మంచు లేదు. ఖరీఫులో మొక్కజొన్న, రబీలో మొక్కజొన్న, నడుమ జొన్న దొరికితే ఖాతా మూయవలసిన అవసరమే దానికి రాదు.

చేజారే గడువు

తరాల సంఖ్య ఒక ప్రమాదమైతే, చికిత్సకు దొరికే గడువు కుదించుకుపోవడం మరొక ప్రమాదం. కత్తెర పురుగు పిల్లదశలో ఆరు అంతస్తులు ఎక్కుతుంది. మొత్తం తిండిలో మొదటి మూడు అంతస్తుల వాటా నూటికి రెండు వంతులైనా ఉండదు. చివరి అంతస్తులోని పురుగు ఒక్కటే మొత్తంలో మూడు పాళ్ళకు పైగా ఆరగిస్తుంది. అంటే, రైతు కంటికి చిల్లులు స్పష్టంగా కనిపించే నాటికి ఆకలిగొన్న పెద్దపురుగు ఆకుల సుడిలోపల స్థిరపడి, తన విసర్జననే పైన కప్పుగా వేసుకొని కూర్చుంటుంది. అప్పుడు పిచికారి చేసిన మందు దానిదాకా పోవడం కష్టం.

కనుక చిన్నదశలోనే దానిని పట్టుకోవాలి. ఆ చిన్నదశ ఎన్ని రోజులుంటుంది? 25 డిగ్రీల వద్ద మొదటి మూడు అంతస్తులు కలిపి సుమారు ఆరున్నర రోజులు. గుడ్డు పొదగడానికి 18 డిగ్రీల వద్ద ఆరు రోజులకు పైగా పడితే, 30 డిగ్రీల వద్ద రెండు రోజులు చాలు. ఆదివారం చేను చూసి గుడ్లు లేవని తృప్తిపడిన రైతు, మరుసటి ఆదివారం వచ్చేసరికి, చలికాలమైతే గుడ్లనో పసిపురుగులనో చూస్తాడు. వేడి రోజులైతే సుడిలోనికి చొరబడబోతున్న పురుగులను చూస్తాడు. వారానికొకసారి పరిశీలన అన్న నియమం చలిలో సరిపోతుంది, వేడిలో సరిపోదు.

పదిహేను రోజులకొకసారి మందు కొట్టడమనే అలవాటులోని లోపం కూడ ఇదే. చల్లని రోజులలో ఆ మందు గుడ్ల మీద వృథా అవుతుంది. వేడి రోజులలో బలిసిన పురుగు మీద వృథా అవుతుంది. డబ్బు పోతుంది, నేల పాడవుతుంది, పురుగును తినే మిత్రకీటకాలు ముందుగా చస్తాయి.

ఈ చిక్కును విడదీయడానికి వేడి లెక్క ఎంత ఉపకరిస్తుందో అమెరికా ఆపిల్ తోటల అనుభవం చెబుతున్నది. అక్కడ కాయను తొలిచే పురుగును అదుపుచేయడానికి లింగాకర్షక బుట్టలు కడతారు. మగపురుగులు వరుసగా పడడం మొదలైన రోజును ఆరంభదినంగా గుర్తుపెట్టుకొని, 10 డిగ్రీల కనిష్ఠ పరిమితిపై రోజువారీ జమను కూడుతూ పోతారు. మొత్తం సుమారు 139 సెంటిగ్రేడు డిగ్రీ-రోజులకు చేరేసరికి మొదటి గుడ్లు పగులుతాయి. పిల్లపురుగు గుడ్డు వీడి కాయలోనికి దూరేలోపల ఉన్న ఆ స్వల్ప వ్యవధిలోనే మందు. వసంతం ముందు వచ్చినా, వెనుక వచ్చినా ఆ లెక్క దానితోపాటే జరుగుతుంది.

వేడికి కూడ హద్దున్నది

ఎండ పెరిగినకొద్దీ పురుగు పెరుగుతూనే పోతుందనుకోవడం పొరపాటు. కత్తెర పురుగు పిల్లలు అత్యధికంగా బ్రతికేది 26, 30 డిగ్రీల మధ్య. అంతకు మించిన వేడి చాలాసేపు నిలిస్తే మరణాలు పెరుగుతాయి. కనుక మే నెలలో 42 డిగ్రీల పగటి వేడిని అలాగే కూడికలో వేస్తే లెక్క తప్పుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు పై హద్దును కూడ నిర్ణయించి, దానికి మించిన వేడిని జమ కట్టరు.

పప్పుధాన్యాలను ఎండబెట్టే ఇల్లాలి విజ్ఞానం ఈ పై హద్దును ఆశ్రయించినదే. కందులు, పెసలు, అలసందలలో గుడ్డుగానో పిల్లగానో దాగిన పుచ్చుపురుగుకు గది వెచ్చదనం అనుకూలం. నల్లని గుడ్డమీద పలుచగా పరచి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం కప్పి తీక్షణమైన ఎండలో ఉంచితే, గింజల వేడి బయటి గాలిని మించిపోతుంది. అలసంద పురుగుపై జరిపిన ప్రయోగాలలో 57 డిగ్రీల వేడి ఒక గంట తగిలితే గుడ్డు మొదలు పెద్ద పురుగు వరకు అన్ని దశలూ నశించినట్లు తేలింది. విత్తనంగా వాడదలచిన గింజల విషయంలో మాత్రం, మొలక చెడకుండా ఎండను అదుపులో ఉంచుకోవాలి.

భూగోళం వేడెక్కుతున్న ఈ రోజులలో ఈ రెండు హద్దుల లెక్క దేశాల భవిష్యత్తుకు సంబంధించినది. 2018 ఆగస్టులో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, భూమి సగటు ఉష్ణోగ్రత ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొద్దీ వరి, మొక్కజొన్న, గోధుమ పంటలకు పురుగుల వల్ల కలిగే నష్టం ప్రపంచం మొత్తంమీద 10 నుండి 25 శాతం వరకు అధికం కావచ్చు. అందులో ఆశ్చర్యం గొలిపే విశేషం మరొకటి ఉన్నది. నష్టం అధికంగా పెరిగేది ఉష్ణదేశాలలో కాదు, సమశీతోష్ణ దేశాలలో. అక్కడి పురుగు ఇంతవరకు చలితో బాధపడుతూ వచ్చింది. అదనపు వేడి దానికి మేలుచేస్తుంది. ఉష్ణదేశపు పురుగు ఇప్పటికే తనకు హితమైన వేడికి చేరువలో ఉన్నది.

అంతమాత్రాన తెలుగునాట నిశ్చింతగా ఉండవచ్చునని కాదు. పైన చెప్పిన చేల లెక్కకే రెండు డిగ్రీలు కలిపి చూస్తే విషయం బోధపడుతుంది. సగటు 30 నుండి 32కు పెరిగితే తరం 22 రోజుల నుండి 20 రోజులకు తగ్గుతుంది. లాభం రెండు రోజులే. 24 నుండి 26కు పెరిగితే 34 రోజులు 29 అవుతాయి. 19 నుండి 21కి పెరిగితే 60 రోజులు 46కు పడిపోతాయి. చలి ఎక్కడ ఎక్కువో, అక్కడనే పెరిగిన ప్రతి డిగ్రీ పురుగుకు అధిక సహాయం చేస్తుంది. ఉష్ణదేశంలో వేసవి మండిపోవడాన్ని అందరూ గమనిస్తారు. శీతకాలపు రాత్రి కొద్దిగా వెచ్చబడడాన్ని ఎవరూ గమనించరు. పురుగు గమనిస్తుంది.

మిత్రుని గడియారం

పురుగును తినే కీటకాలకు, దాని గుడ్లలో తన గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా వంటి అతి చిన్న కీటకాలకు కూడ ఇదే ధర్మం. అయితే వాటి కనిష్ఠ పరిమితులు, వాటికి కావలసిన మొత్తాలు వేరు. శత్రువు గడియారం ముందుకు, మిత్రుని గడియారం వెనుకకు జరిగిన ఏడాది చేనిలో సమతుల్యం చెడిపోతుంది. ట్రైకోగ్రామా అట్టముక్కలను రిఫ్రిజిరేటరులో కొద్ది రోజులు నిలువ ఉంచి, చేనిలో గుడ్లు కనిపించే సమయానికి వెలికితీయడం ఈ గడియారాన్ని చేతితో సరిదిద్దడమే.

ఈ విద్యలో పట్టుపురుగుల పెంపకందారులు ఎంతో ముందున్నారు. హిందూపురం, మదనపల్లె పరిసరాలలో పట్టు రైతు పసిపురుగులకు 27, 28 డిగ్రీల వెచ్చదనం, ఎదిగిన పురుగులకు 24, 25 డిగ్రీల చల్లదనం ఏర్పాటు చేస్తాడు. ద్విసంతతి జాతుల గుడ్లను 5 డిగ్రీల వద్ద, 2.5 డిగ్రీల వద్ద శీతల గిడ్డంగులలో నెలల తరబడి నిద్రపుచ్చి, మల్బరీ ఆకు సిద్ధమైన వేళకు మేల్కొల్పుతారు. అన్నం పెట్టే పురుగు విషయంలో అంత శ్రద్ధగా చూసుకొనే ఉష్ణమాపకాన్ని, అన్నం లాక్కొనే పురుగు విషయంలో కూడ సంప్రదించడం న్యాయం.

దీనికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. వాతావరణ శాఖ ప్రతిదినం ప్రకటించే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, ఒక లింగాకర్షక బుట్ట, ఒక పెన్సిలు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. బుట్టలో పురుగులు పడిన తేదీ నుండి జమ వ్రాస్తూ పోవచ్చు. గుడ్లు పగిలే రోజు ఇంచుమించుగా ముందే తెలుస్తుంది. వేప గింజల కషాయం పసిపురుగుల మీద పనిచేసే రోజు అదే. ఆ రోజు దాటిపోతే సుడిలో తవుడు, బెల్లం కలిపిన విషపు ఎర వంటి కష్టతరమైన మార్గాలే మిగులుతాయి. పొలంలోని అసలు వేడికి, వాతావరణ కేంద్రంలోని నీడపెట్టె చూపే వేడికి కొంత వ్యత్యాసం ఉంటుంది కనుక, లెక్క చెప్పిన తేదీకి ఒకటి రెండు రోజులు ముందుగానే చేనిలోనికి దిగి ఆకు తిప్పి చూడడం ఉత్తమం.

లెక్క చేయగలిగింది ఎప్పుడు చూడాలో చెప్పడం మాత్రమే. చూడవలసింది రైతు కన్నే. వెచ్చని శీతకాలం వచ్చిన ఏడాది ఆ కన్ను మరి కాస్త ముందుగా తెరుచుకొంటే, ఒక తరం పురుగు తగ్గుతుంది, ఒక విడత మందు తగ్గుతుంది, చేతికి వచ్చే గింజ ఆ మేరకు పెరుగుతుంది.